మడి వేరు, మైత్రి వేరు

మన ఉపాసకుల సమావేశాల్లో భోజనాల దగ్గర నాకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మాంసం వద్దన్నావు, గుడ్డు వద్దన్నావు, ఇప్పుడు నెయ్యీ పెరుగూ కూడా వద్దంటున్నావు. ఇంక నీకూ అగ్రహారానికీ తేడా ఏముందక్కా?" అడిగేవాళ్ళు పరాయివాళ్ళు కారు. జై భీమ్ అంటూ పక్కన కూర్చున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళే. కాబట్టి సమాధానం కూడా మన పత్రికలోనే, మన భాషలోనే చెప్పాలి.

ముందు చిన్న సమాధానం. అగ్రహారం ఏనాడైనా నెయ్యి లేకుండా విస్తరి ముందు కూర్చుందా? హోమంలో పోసేది నెయ్యి, పప్పన్నంలో పోసేది నెయ్యి, మైలపడితే శుద్ధికి తాగేది పంచగవ్యం. అందులో పాలు, పెరుగు, నెయ్యి, మూత్రం, పేడ ఐదూ ఆవువే. ఆ వ్యవస్థ మొత్తం పశువు పొదుగు మీద నిలబడింది. పెద్దకూర తర్వాత ఈ దేశంలో బ్రాహ్మణ్యానికి బాగా దూరంగా ఉన్న భోజనం ఏదైనా ఉందంటే అది పాలూ నెయ్యీ లేని భోజనమే. నన్ను అగ్రహారంలో కలిపేవాళ్ళు అగ్రహారం వంటింట్లోకి ఒకసారి తొంగి చూడాలి.

ఇప్పుడు పెద్ద సమాధానం. నేను వీగన్‌ని. మాంసం, చేప, గుడ్డు, పాలు, పాలతో చేసినవి, తేనె తినను. దీనికి తెలుగులో సరైన మాట ఇంకా స్థిరపడలేదు. కొందరు 'శుద్ధ శాకాహారం' అంటారు. ఆ 'శుద్ధ' అనే మాట నాకు అక్కర్లేదు. మన తాతలను ఊరి బయట కూర్చోబెట్టిన మాట అది. ఆంగ్లం మాటే నయం, దానికి మన ఊళ్ళో కులం లేదు.

రోడ్డు మీదికొస్తే ప్రతి మలుపులో 'ప్యూర్ వెజ్' బోర్డు కనిపిస్తుంది. హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు, నాగపూర్ ఎక్కడైనా అంతే. వీగన్‌కి అది స్వర్గం అనుకుంటారు చాలామంది. లోపలికెళ్ళి చూడండి. ఇడ్లీ మీద నెయ్యి, కారప్పొడిలో నెయ్యి, దోశ మీద వెన్న, ఉప్మాలో నెయ్యి, కూర్మాలో మీగడ, వెజ్ బిర్యానీలో పెరుగు, నాన్ పిండిలో పెరుగు, కాల్చాక పైన వెన్న. మీల్స్ చెప్తే మీరు నోరు తెరిచే లోపలే పప్పులో గరిటెడు నెయ్యి పడిపోతుంది. అది మర్యాద కింద లెక్క. వద్దు అని చెయ్యి అడ్డుపెడితే వడ్డించే పిల్లవాడికి నాలుగు కారణాలే తెలుసు: "షుగరా అమ్మా? కొలెస్ట్రాలా? ఉపవాసమా? ఇంట్లో మాలేసుకున్నారా?" ఐదో కారణం వాడికి ఎవరూ చెప్పలేదు. వాడి తప్పేం లేదు. వాడి హోటల్ గోడ మీద 'ప్యూర్' అని రాసి ఉంది, ఆ ప్యూర్‌కి అర్థం వాడికి తెలిసినంత వరకు నెయ్యి ఎక్కువ వేయడమే.

చట్టం కూడా వాడి పక్షానే ఉంది. ఆహార పొట్లాల మీద ఆకుపచ్చ చుక్క పెట్టే నిబంధనల్లో మాంసాహారానికి ఇచ్చిన నిర్వచనం చదవండి. జంతువు శరీరంలోని ఏ భాగమైనా, గుడ్డయినా, జంతువు నుంచి వచ్చిన ఏ పదార్థమైనా మాంసాహారమే అంటుంది. వెంటనే పాలూ పాల పదార్థాలూ తప్ప అని మినహాయింపు ఇస్తుంది. తర్వాత సవరించిన లేబులింగ్ నిబంధనల్లో తేనె, తేనెమైనం, లక్క కూడా ఆ మినహాయింపులో చేరాయి. లక్క పురుగు నుంచి వస్తుందన్న సంగతి మినహాయింపు రాసినవారికి తెలియకపోలేదు. మినహాయింపు ఎవరి అలవాటుకు తగినట్టు కుట్టారో చెప్పడానికి న్యాయశాస్త్రం పట్టా అవసరం లేదు. పాలు తాగుతూ 'ప్యూర్' అనిపించుకునే వర్గం ఏదో ఆ వర్గం కొలతలతో కుట్టారు. 2022లో వీగన్ ఆహారానికి విడిగా నిబంధనలు, విడిగా గుర్తు వచ్చాయి. మంచిదే. కాని ఆ గుర్తు పెద్ద దుకాణాల్లో ఖరీదైన పొట్లాల మీదే కనిపిస్తుంది. మన వీధిలో పొట్లం కట్టే కర్రీ పాయింట్ ఆమెకు ఆ గుర్తుతో పనిలేదు. నాకూ ఆమె దగ్గర గుర్తుతో పనిలేదు. "సొరకాయ కూరలో పాలు పోశావా అమ్మా?" అంటే "పోశాను, అది మీకొద్దు, దొండకాయ తీసుకోండి" అంటుంది. వండింది ఆమే, అమ్మేదీ ఆమే. నూరు రూపాయల ప్లేటు అమ్మే ఏసీ హోటల్లో ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం రావడానికి వెయిటరు వంటగదికి రెండుసార్లు వెళ్ళిరావాలి. వచ్చి "ఏం లేదు మేడమ్" అంటాడు. ప్లేటు రాగానే వెన్న వాసన.

వీగన్‌గా బయట తినడం కష్టమా అని అడుగుతారు. తెలుగునాట అంత కష్టమేమీ కాదు. పల్లీ చట్నీతో ఇడ్లీ, నూనెతో కాల్చిన పెసరట్టు, మిరపకాయ బజ్జీ, సెనగ గుగ్గిళ్ళు, జొన్నరొట్టెలో గోంగూర, రాగిసంగటిలో పప్పుచారు, పచ్చిపులుసు. వీటిలో దేనికీ పొదుగుతో పనిలేదు. మన వాడల్లో ఒక తరం వెనక్కి వెళితే పాలు చుట్టాలొచ్చిన రోజు మాట. గేదెను మేపినవాళ్ళం మనమే, పాలు వెళ్ళింది ఆసామి ఇంటికి, తర్వాత పాలకేంద్రానికి. ఇందులో గొప్పేం లేదు, లేమి అది. లేమిని ఆదర్శంగా చూపించే పని నేను చెయ్యను. కాని 'వీగన్ తిండి పరాయి దేశపు సోకు' అనేవాళ్ళు తమ నాయనమ్మ సద్దన్నం ముంతను గుర్తు చేసుకోవాలి.

నిజంగా ఇబ్బంది పెట్టేది టీ. సామాజిక కార్యకర్తగా వాడల్లో తిరిగేవాళ్ళకు ఇది బాగా తెలుసు. దళితుల ఇంట్లో టీ వద్దంటే అది తిండి సంగతి కాదు. వచ్చిన అధికారి, వచ్చిన టీచరు, ఓట్లకొచ్చిన నాయకుడు "ఇప్పుడే తాగొచ్చామమ్మా" అని గుమ్మంలోంచే తప్పించుకున్న ఇళ్ళవి. అక్కడికెళ్ళి నేను కప్పు వెనక్కి తోస్తే వాళ్ళ గుండెలో ఏం కదులుతుందో నాకు తెలుసు, మా ఇంట్లోనూ అది కదిలింది కాబట్టి. అందుకే కూర్చోగానే మంచినీళ్ళు అడిగి వాళ్ళ ముందే గ్లాసు ఖాళీ చేస్తాను. తర్వాత "పాలు పొయ్యకుండా టీ ఇయ్యమ్మా" అంటాను. చాలామంది నవ్వుతారు. "పాలు లేని రోజు మేం తాగేది అదేగా" అంటారు. ఎవరింట్లోనైనా చెప్పే లోపలే పాల టీ కలిపి చేతికిస్తే? తాగేస్తాను. వీగన్ నియమం చెడిందని ఎవరైనా అంటే అననీయండి. ఆ కప్పు ఆ పూట గేదె కంటే ముందు మనిషికి సంబంధించింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మడికీ మైత్రికీ తేడా తెలిసేది ఇలాంటి చోటే. మడి కట్టుకున్నవాడు ఆ కప్పు ఎప్పటికీ ముట్టడు.

హోటల్ అనే చోటుకు మన జీవితంలో ఉన్న బరువు వీగన్ పుస్తకాల్లో దొరకదు. రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో భాగం చూడండి. దుకాణాలు, హోటళ్ళు, అందరూ తినే భోజనశాలల్లోకి కులం కారణంగా ఎవరినీ రానివ్వకుండా చేయకూడదని అక్కడ ప్రత్యేకంగా రాశారు. ఒక దేశం తన మౌలిక చట్టంలో హోటల్ అనే మాట రాసుకోవాల్సి వచ్చిందంటే ఆ హోటళ్ళు ఎలా ఉండేవో ఊహించండి. 1955 చట్టం ఇంకా వివరంగా వెళ్ళింది. హోటల్లో ఉంచిన పాత్రలు వాడనివ్వకపోవడం కూడా శిక్షార్హమని నాలుగో సెక్షన్‌లో చేర్చింది. పాత్రల మాట ఎందుకు వచ్చిందో మన ఊళ్ళ టీ బడ్డీలకు తెలుసు. రెండు గ్లాసుల పద్ధతి, చూరులో దోపిన విడి గ్లాసు, తాగాక మనమే కడిగి పెట్టాలి. కాగితం కప్పు వచ్చాక చాలాచోట్ల ఆ నేరం కంటికి కనిపించకుండా పోయింది. పోయింది గ్లాసే.

ఆ గ్లాసు స్థానంలోకి ఇప్పుడు 'ప్యూర్ వెజ్' వచ్చి కూర్చుంది. ఇది నా ఊహ కాదు. అద్దె ఇల్లు వెతికినప్పుడు పరీక్షించి చూశాను. 'వెజిటేరియన్స్ ఓన్లీ' అని రాసిన ఇంటికి వెళ్ళాను. మాంసం తిననన్నాను. ఇంటాయన ముఖం విప్పారింది. గుడ్డు కూడా తిననన్నాను, పాలు కూడా తాగనన్నాను. అంతటి శాకాహారం ఆయన ఇంట్లోనే లేదు. ఒక నిమిషం ఆగి, "మరి మీరేమిట్లు?" అన్నాడు. బౌద్ధులమన్నాను. మర్నాడు ఫోన్ చేస్తే ఇల్లు ఎవరికో ఇచ్చేశామన్నారు. బోర్డు మాత్రం నెల రోజుల దాకా గేటుకి వేలాడుతూనే ఉంది. ఆ బోర్డు తిండి గురించే అయితే నాకంటే అర్హులు ఆ వీధిలో లేరు. కులం అడగడం బాగుండదు కాబట్టి కూర అడుగుతున్నారు. కూర పరీక్ష నెగ్గితే కులం అడుగుతారు.

దేశం మొత్తం మీద జరుగుతున్నదీ ఇదే. 2023లో బొంబాయి ఐఐటీ హాస్టల్ మెస్‌లో శాకాహారులకు విడిగా బల్లలు కేటాయించారు. అది తప్పని నిరసనగా ఆ బల్ల దగ్గర కూర్చుని తిన్న విద్యార్థికి పదివేల రూపాయల జరిమానా వేశారు. 2024 మార్చిలో జొమాటో సంస్థ 'ప్యూర్ వెజ్' సరఫరాకు విడిగా మనుషులను, వాళ్ళకు ఆకుపచ్చ దుస్తులను ప్రకటించి, జనం తిట్టిపోస్తే మర్నాడే దుస్తుల సంగతి వెనక్కి తీసుకుంది. ఎర్ర చొక్కా వేసుకుని మాంసం పొట్లం తెచ్చే కుర్రాడిని కొన్ని అపార్ట్‌మెంట్ల గేటు దగ్గరే ఆపేస్తారని ఎవరికి తెలియదు? అదే ఏడాది జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలోని తినుబండారాల దుకాణాలు యజమానుల పేర్లు బోర్డు మీద రాయాలని ఆదేశించారు. జూలై 22న సుప్రీంకోర్టు దాన్ని నిలిపివేసింది. ఏ రకం తిండి అమ్ముతున్నారో రాయమనవచ్చు గాని, పేర్లు రాయమని బలవంతపెట్టకూడదంది. నా వాదన మొత్తం ఆ మధ్యంతర ఉత్తర్వులోనే ఉంది. తిండిలో ఏముందో అడిగే హక్కు నాకుంది. వండిందెవరో అడిగే హక్కు ఎవరికీ లేదు. మొదటిది వీగన్ ప్రశ్న. రెండోది మడి ప్రశ్న.

ఇక పాల సంగతి. మన మిత్రుల్లో చాలామంది "మాంసం సంగతి సరే, పాలు తాగితే ఎవరు చస్తారు?" అంటారు. దూడ చస్తుంది. ఏ గేదె అయినా ఈనితేనే పాలు. ఈనిన ప్రతిసారీ పెయ్యే పుట్టదు. ట్రాక్టర్ వచ్చాక దున్నపోతుతో పొలంలో పనిలేదు. మగదూడ తాగే ప్రతి గుక్కా పాలకేంద్రం లెక్కలో నష్టం. 1977 నాటి మన ఆంధ్రప్రదేశ్ చట్టం ఆవును, ఆవు దూడను మాత్రమే కాదు, గేదె దూడను కూడా కోయరాదంటుంది. అలాగని దాన్ని ఎవరూ పెంచరు. పాలు తగ్గించి, కట్టేసిన చోటే ఎండగట్టి వదిలేస్తారు. తిండి పెట్టకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరమే. చేపు కోసం సూదిమందు పొడవడం 12వ సెక్షన్ ప్రకారం నేరమే. ఈ రెండు సెక్షన్ల కింద పాడి ఆసామి మీద కేసు నడిచిన ఊరు ఒకటి చూపించండి. చచ్చిన దూడ చర్మంలో గడ్డి కూరి తల్లి ముందు నిలబెట్టి పాలు పితకడం పాడి ఉన్న ఊళ్ళలో పెరిగిన చాలామంది చూసే ఉంటారు. ఆ చర్మం ఒలవడానికి ఎవరిని పిలుస్తారో కూడా మనకు తెలుసు.

ఒట్టిపోయిన పశువు సంగతి వేరే చెప్పాలా? సంతకు వెళుతుంది. దాన్ని అమ్మినవాడు ఆసామి, పాలు తాగినవాడు 'ప్యూర్ వెజ్', కొట్టుడు తినేవాడు లారీ తోలిన ముస్లిం, చర్మం ఒలిచిన దళితుడు. 2016 జూలైలో గుజరాత్‌లోని ఉనా దగ్గర చచ్చిన ఆవు చర్మం ఒలుస్తున్న మన పిల్లలను కారుకు కట్టేసి కొట్టారు. ఆ కుటుంబం 2018 ఏప్రిల్‌లో బౌద్ధం తీసుకుంది. ఆ ఆవు పాలు తాగినవాళ్ళ మీద ఎవరి చెయ్యీ పడలేదు. పాలూ పశుమాంసమూ ఒకే గొలుసు. గొలుసు ఒక చివర పుణ్యం, రెండో చివర పాపం అని పంచిపెట్టిన లెక్క పేరే కులం. నేను పాలు మానేసింది ఆ లెక్కను ఒప్పుకోలేకే. రాజ్యాంగం 48వ అధికరణం కూడా ఆవులను, దూడలను, పాడి పశువులను, దుక్కి పశువులను వధించకుండా చూడాలంటుంది గాని, దూడ తాగాల్సిన పాల గురించి ఒక్క ముక్క చెప్పదు. ఆవు మీది ప్రేమ పొదుగు దాకానే.

ఇంత చెప్పాక "అయితే బుద్ధుడు పాలు తాగలేదా? సుజాత పెట్టింది పాయసం కాదా?" అంటారు. తాగాడు. పాయసమే. చివరి భోజనం కమ్మరి చుందుడు పెట్టిన సూకరమద్దవం. దానర్థం పంది మాంసమా, పుట్టగొడుగులా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. ఏదైనా నాకు ఇబ్బంది లేదు. ఆ భోజనం తర్వాత జబ్బు చేస్తే, చుందుణ్ణి ఎవరూ నిందించకూడదని, బోధికి ముందు అందిన భిక్షతో ఇది సమానమని ఆనందుడికి చెప్పి పంపిన మనిషి బుద్ధుడు. కమ్మరి పెట్టిన తిండి అది. ఎవరు పెట్టారన్నది ఆయన చూడలేదు. సంఘంలో చేప, మాంసం నిషేధించాలని దేవదత్తుడు పట్టుబట్టినప్పుడు ఒప్పుకోలేదు కూడా. కాబట్టి 'నిజమైన బౌద్ధుడు వీగనే' అని ఊరేగే వాళ్ళతో నేను లేను. తిండితో బౌద్ధాన్ని కొలవడం దేవదత్తుడి పంథా.

అయితే జీవక సుత్తంలో ఆ అనుమతికి మూడు షరతులున్నాయి. తన కోసం చంపడం చూడకూడదు, వినకూడదు, తన కోసమే చంపారన్న అనుమానం ఉండకూడదు. ఇది ఇల్లిల్లూ తిరిగి గిన్నెలో పడింది తినే భిక్షువుకు చెప్పిన మాట. నేను భిక్షువుని కాను. మెనూ కార్డు చూసి, డబ్బిచ్చి, ఆర్డరిచ్చే కొనుగోలుదారుని. రేపు ఎంత కావాలో నా ఆర్డరే చెబుతుంది. 'నా కోసం కాదు' అని నేనెలా అనగలను? ఆస్తి బదిలీ చట్టం మూడో సెక్షన్‌లో ఒక న్యాయం ఉంది: విచారిస్తే తెలిసే సంగతిని కావాలని విచారించకుండా వదిలేస్తే, అది తెలిసినట్టే లెక్క. భూమి కొనేటప్పుడు వర్తించే ఈ ఇంగితం పాల ప్యాకెట్ కొనేటప్పుడు ఎందుకు వర్తించదు? బుద్ధుడు చెప్పినా సరే పరీక్షించి తీసుకోమన్న ధమ్మంలో ఉన్నాం. ఆయన కాలంలో పాలకేంద్రం లేదు, కోళ్ళ ఫారం లేదు. మన కాలంలో ఉన్నాయి.

బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో అహింసను నియమంగా కాక సూత్రంగా చూడమన్నారు. నియమం నీ చేత చేయిస్తుంది, సూత్రం నిన్ను ఆలోచించమంటుంది. చంపాల్సిన అవసరం వేరు, చంపాలన్న కోరిక వేరు అని విడదీసిందీ ఆయనే. పేదవాడి ఇంట్లో ఆదివారం వండే మాంసాన్నీ, మూడు వందల రకాలున్న హోటల్లో నా ముందున్న మెనూ కార్డునూ ఒకే తూకంలో వేయకూడదని నాకు నేర్పిన వాక్యాలవి. నా పళ్ళెంలో చంపాల్సిన అవసరం లేదు. కోరిక మాత్రమే మిగిలింది. దాన్ని వదులుకోవడం నాకు పెద్ద కష్టం కాలేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో సకల ప్రాణుల పట్ల కరుణ చూపి కాపాడతానన్నది కూడా ఒకటి. మన సభల్లో దేవుళ్ళను వదిలే ప్రతిజ్ఞలకు గొంతు పైకి లేస్తుంది, ఈ ప్రతిజ్ఞ దగ్గరికొచ్చేసరికి గొణుగుడు. 1948లో వచ్చిన 'అస్పృశ్యులెవరు' గ్రంథంలో బాబాసాహెబ్ చెప్పిందీ ఇక్కడ గుర్తుంచుకోవాలి. యజ్ఞాల్లో పశువులను బలిచ్చిన బ్రాహ్మణులు బౌద్ధాన్ని ఓడించడానికే గోమాంసం వదిలి శాకాహారులయ్యారన్నది ఆయన వాదన. మన మైత్రిని వాళ్ళు ఎత్తుకెళ్ళి మడిగా మార్చుకున్నారు. దొంగ ఇంట్లో ఉంది కదా అని మన వస్తువును దొంగ వస్తువనడం ఏం న్యాయం?

కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి మొదటి శిలాశాసనం ఇప్పటికీ బండ మీద ఉంది. తన వంటశాలలో కూరకోసం రోజూ లక్షల ప్రాణులను చంపేవారనీ, ఇప్పుడు రెండు నెమళ్ళు, ఒక జింక దాకా తగ్గిందనీ, ఇకమీదట అవీ ఉండవనీ అందులో ఉంది. తర్వాత స్తంభశాసనంలో కొన్ని ప్రాణుల వధను నిషేధించాడు, పాలిచ్చే మేకలను, గొర్రెలను, వాటి ఆరు నెలల లోపు పిల్లలను కూడా చేర్చాడు, నిజమే. కాని లెక్క మొదలుపెట్టింది తన వంటింట్లో. ఎవరి ఫ్రిజ్ తెరిచి చూడడానికీ మనుషులను పంపలేదు. దాద్రీలో 2015లో ఫ్రిజ్‌లో మాంసం ఉందన్న పుకారుతో మనిషిని చంపినవాళ్ళు అహింస పేరు తలవడమే నేరం.

మన నగరాల్లో వీగన్ మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. బాదంపాల కాఫీ తాగుతూ పశువుల బానిసత్వాన్ని అంటరానితనంతో పోల్చే వీళ్ళు అంటరానితనం గురించి ఒక్క సభకు వచ్చినవాళ్ళు కారు. మాంసం దుకాణాలు మూయించమని పిటిషన్లు పెడతారు, మిఠాయి దుకాణం ముందు నిలబడరు. ఖురేషీ దుకాణం ముందు నినాదాలిస్తారు, నెయ్యి కంపెనీ ముందు ఇవ్వరు. ధైర్యం ఎటు చవకో అటే. బడి పిల్లల మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడితే కొందరు సంబరంగా మఠాధిపతుల పక్కన చేరిపోతారు. 2021లో కర్ణాటకలో అది జరిగింది. నేను గుడ్డు తినను. కాని మన వాడ పిల్లల పళ్ళెంలోంచి గుడ్డు తీసేస్తామని ఎవరొచ్చినా ధర్నాలో ముందు వరుసలో కూర్చుంటాను. నేను బి12 మాత్ర కొనుక్కోగలను, పప్పూ పల్లీలూ కొనుక్కోగలను, ఏది ఎంత తినాలో చదువుకున్నాను. ఆరేళ్ళ పిల్లకు ఆ వసతి ఇవ్వకుండా గుడ్డు లాక్కునేది కరుణ కాదు. (వీగన్ అవుదామనుకునే మన మిత్రులు బి12 సంగతి తేలిగ్గా తీసుకోకండి. పాలు తాగే శాకాహారికి కొంత పాల నుంచి అందుతుంది, మనకు మాత్ర తప్పదు.) 2014 నమూనా నమోదు సర్వే ప్రకారం తెలంగాణలో పెద్దవాళ్ళలో నూటికి 98 మందికి పైగా మాంసం తినేవాళ్ళే. 2012లో ఉస్మానియాలో పెద్దకూర పండుగ చేసిన పిల్లలు అడిగింది తమ తిండిని మెస్‌లో తలెత్తుకుని తినే హక్కు. ఆ హక్కు కోసం ఎవరితోనైనా వాదిస్తాను. ఏం తినాలన్నది మనిషి సొంత విషయమని, జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2008లో అహ్మదాబాద్ కబేళాల కేసులో అంది. అదే తీర్పులో తొమ్మిది రోజులు కబేళాలు మూయడాన్ని సమర్థించింది, అది వేరే కథ.

ఇంతకీ మన భోజనాల సంగతి. బుద్ధపూర్ణిమకు విహారాల్లో సుజాతను తలచుకుంటూ పాయసం పంచుతాం. దాన్ని కొబ్బరిపాలతో చేస్తే సుజాతకు ఏ లోటూ రాదు, కోనసీమ మన పక్కనే ఉంది, బెల్లం మనదే. పూర్తిగా మార్చమనడం లేదు. ఒక గిన్నె అది, ఒక గిన్నె ఇది పెట్టండి, దేనిలో ఏముందో చీటీ మీద రాయండి. ఈ మాట ఒక కమిటీలో అంటే ఒక పెద్దాయన, మనసున్నవాడే, "విడి గిన్నెలా చెల్లెమ్మా? విడి గ్లాసులు పోగొట్టుకోవడానికి ఇంత పోరాడి మళ్ళీ విడి గిన్నెలా?" అన్నారు. ఆ మాటకు ఆయన్ని గౌరవిస్తాను. కాని తేడా ఉంది. ఆ గ్లాసు విడిగా ఉంచింది తాగే మనిషిని బట్టి. ఈ గిన్నె విడిగా ఉండేది అందులో పోసిన పాలను బట్టి. రెండు గిన్నెలకూ ఒకే గరిటె వాడినా నాకు పట్టింపు లేదు. పక్కవాడి పళ్ళెంలో పెద్దకూర ఉన్నా అదే పంక్తిలో, మోచెయ్యి తగిలేంత దగ్గరగా కూర్చుంటాను. విడి బల్ల ఎవరైనా వేస్తే నేనే లేచి ఇవతలికి వస్తాను.

ఈ ఏడాది అక్టోబరు 14 కార్యక్రమానికి భోజనాల జాబితా ఇంకా ఖాయం కాలేదని విన్నాను. వంటవాళ్ళతో మాట్లాడే పని నాకప్పగించండి. మాంసం కూర జోలికి వెళ్ళను. పప్పులో నెయ్యి పోయకుండా విడిగా పెట్టించడం, చారులో నూనె తాలింపు, పాలు లేని టీ ఒక ఫ్లాస్కు, ఈ మూడే అడుగుతాను. ఖర్చు పెరగదు, నెయ్యి డబ్బులు మిగులుతాయి కూడా.